అవ్వ చెయ్యి చూసి నేర్చుకున్న

మా పక్కింటి అవ్వ పోయింది. మొన్న సోమవారం పొద్దుగాల పాల ప్యాకెట్ కోసం బయలెల్లుతుంటె, అవ్వ మనవరాలు గోడ మీదికెల్లి పిలిచింది. "అక్కా, అవ్వ లేస్తలేదు. జర రా" అన్నది. పోయి చూస్తే అయిపోయింది. నిద్రలనే పోయింది. వాడకట్టంత వచ్చి "పుణ్యాత్మురాలు, ఎవ్వరితోని చేయించుకోకుండ పోయింది" అన్నరు. బతికున్నన్ని దినాలు ఆ ఇంట్ల మంచినీళ్లు తాగనోళ్లు గుడ అన్నరు. నాకు మస్తు కోపమొచ్చింది. సావింట్ల కొట్లాట ఎందుకని ఊకున్న.

అవ్వ పేరు రాస్తలేను. ఆమెను పేరు పెట్టి పిలిచెటోళ్లు ఎవ్వరు మిగల్లే. నాకైతే ఎన్నటికీ అవ్వే.

నేను బొమ్మలు గీస్త. పూలు, దేవుళ్లు కాదు. డాక్టర్ల కోసం బొక్కలు, కండలు, నరాలు. బోధన్ల ఇసొంటి పని ఒకటి ఉంటదని మా మేనమామలకు ఇప్పటికీ సమజ్ కాదు, "ఎక్స్‌రేలు తీస్తదా?" అని అమ్మను అడుగుతరు. ఇంటర్ల దోస్తులందరి జువాలజీ రికార్డులు నేనే గీసిన. డాక్టర్ సీటు మాత్రం రాలే. నిజామాబాద్ల ఒక డాక్టరమ్మ నా రికార్డు తిరగేసి, "సీటు రాకుంటే మాయె, చెయ్యి ఉన్నది గదా" అని ఒక పాత అనాటమీ పుస్తకం చేతుల పెట్టింది. దాంతోని ఒక రేకు డబ్బ. అండ్ల మనిషి చేతి బొక్కలు, ఇరవై ఏడు. ఒక్కొక్కదాన్ని అన్ని దిక్కులకెల్లి గీసుకొని రమ్మన్నది.

బస్సుల ఒళ్లె పెట్టుకొని భద్రంగ తెచ్చిన. అమ్మ మూత తీసి చూసింది. ఇగ చూడుండ్రి! "నీ సదువు మీద మన్ను వడ! సచ్చినోళ్ల బొక్కలు ఇంట్లకు తెస్తవానే?" అని చీపురందుకున్నది. నేను గుడ తక్కువ తినలే, నోరు లేపిన. ఆఖరికి డబ్బ పట్టుకొని గల్లీల నిలవడ్డ. గప్పుడు పక్కింటి అవ్వ తలుపు తీసింది.

"గీడికి తే బిడ్డా. నన్ను గుడ ఎవ్వరు ఇంట్లకు రానియ్యరు. నేను, గా బొక్కలు ఒక్కతీరే" అని నవ్వింది.

అవ్వకు వయసుల ఉన్నప్పుడు కుష్టు వచ్చింది. మందులు మింగింది, నయమైంది, అది ఎన్నడో పాత ముచ్చట. కానీ చెరుకు కొట్టిన ఆ చేతులకు స్పర్శ మళ్ల రాలే. కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు మడతవడి అట్లనే ఉండిపోయినయి. రోగం పోయిందని డాక్టర్లు ఆమెకు చెప్పిండ్రు, వాడకట్టుకు ఎవరు చెప్పాలె? గడప దాటితే ఆ చెయ్యి కొంగు కింద ఉంటుండె.

రెండేండ్లు అవ్వ ఇంటి ముందటి గద్దె మీదనే నా బడి. నేను బొక్కలు గీస్తుంటే ఆమె చాయ గ్లాసును రెండు మడతల బట్టల చుట్టుకొని తాగేది. వేడి తెల్వదు గదా, పట్టుకుంటే కాలినంక గాని ఎరుకైతుండకపోయె. పొద్దుమూకంగ చేతులు నీళ్లల్ల నానవెట్టుకొని, నూనె రాసుకొని, మడత వేళ్లను తొడ మీద ఆనిచ్చి ఎడమచేత్తోని మెల్లగ సాపుచేసుకునేది. ఇడిస్తే మళ్ల మడతనే. అయినా ఒక్క దినం తప్పలే. "అది రాకుంటె రాకపాయె, ఉన్నది పోవద్దు గదా" అనేది.

పుస్తకంల మోచేతి ఎనుకకెల్లి పోయే నరాన్ని ఒక పచ్చ గీత పెట్టి చూపెట్టిండ్రు. నేను గుడ సక్కగ గీత కొట్టిన. అవ్వ చూసి నా వేలు గుంజుకపోయి తన మోచేతి ఎనుక పెట్టింది. తోలు కింద తాడు లెక్క లావుగ తాకింది. "గీతనా గిది?" అన్నది. ఎన్ని పుస్తకాలు చదివినా నాకు గట్ల ఎవ్వరు చెప్పలే.

ఇగ నేను చేసిన తప్పు చెప్త. కడుపుల పెట్టుకుంటే బరువు.

డాక్టరమ్మ నాకు మొదటి పని ఇచ్చింది. స్పర్శ పోయినోళ్లు చేతులెట్ల కాపాడుకోవాలెనో చూపెట్టే బొమ్మలు, దవాఖాన గోడకు పెట్టేటందుకు. అవ్వనే కూసోవెట్టుకొని గీసిన. గీస్త గీస్త ఆ రెండు వేళ్లను కొంచెం సాపుచేసిన. బొటనవేలికి చూపుడువేలికి నడుమ కండ కరిగి పడ్డ గుంతను నింపిన. ఎవ్వరు చెయ్యమనలే. అవ్వ చూసి ఖుషి అయితదనుకున్న.

అవ్వ కాయిదం దగ్గరికి తీసుకొని చానసేపు చూసింది. "గిది ఎవరి చెయ్యి?"

"నీదే అవ్వా."

"నా చెయ్యి నువ్వు బాగ జేసినవా? డాక్టర్లతోనే గాలే."

నేను నవ్విన. ఆమె నవ్వలే. "ఏందే పిల్లా, నా చెయ్యంటె నీకు గుడ సిగ్గేనా?"

నా మొఖం మాడిపోయింది. "నీ మంచికే చేసిన, గంత గుడ తెల్వదా?" అని కాయిదాలన్ని ఎత్తుకొని ఇంటికొచ్చిన. నాకు కోపం ముందుగాల వస్తది, బుద్ధి నిమ్మళంగ ఎన్కకెల్లి వస్తది.

నాలుగు దినాలు ఆ దిక్కు పోలే. ఐదో దినం పోతే నన్ను చూడనట్టే బియ్యం ఏరుకుంట కూసున్నది. నేను పక్కన కూసున్న. చాటల రాళ్లు రెండు ఏరిన. అప్పుడన్నది: "నా అసొంటోళ్లు గద సూసేది దాన్ని. గా సక్కని చెయ్యి సూస్తె, గిది మా కోసం గాదు అనుకొని ఎల్లిపోతరు. కండ్లతోని సూడు బిడ్డా. నా మీది పేమతోని, పావురంతోని సూడకు."

అని చాట పక్కకు పెట్టి, కొంగు తీసి, ఆ చెయ్యి గద్దె మీద ఎండల చాపింది. గల్లీల మనుషులు పోతనే ఉన్నరు, ఆగి చూసినోళ్లు గుడ ఉన్నరు. అవ్వ చెయ్యి తియ్యలే. నేను మళ్ల గీసిన. "ఈడ గుంత ఉన్నది, ఎయ్యి. కాలిన మచ్చ ఏది? అది మర్సినవ్" అని ఒక్కటొక్కటి గుర్తుచేసి గీయించింది.

ఆ బొమ్మ గోడకెక్కిన వారానికి నేను దవాఖానకు పోయిన. మాక్లూర్ దిక్కు రైతట, ఒక పెద్దమనిషి దాని ముందట నిలవడి, తువ్వాల కిందికెల్లి తన చెయ్యి తీసి పక్కన పెట్టి చూసుకుంటున్నడు. "గీ చెయ్యి నా తీర్గనే ఉన్నది. నూనె ఎట్ల రాయాలె సిస్టరూ?" అని అడిగిండు. నేను ఉరికొచ్చి అవ్వకు చెప్పిన. "మరి?" అన్నది. గంతే. ఆ దినం చాయల మాత్రం చక్కెర జాస్తి ఏసింది.

సోమవారం ఆడోళ్లందరు కలిసి అవ్వకు తానం పోసిండ్రు. చేతులు రెండు దండం పెట్టినట్టు కలిపి బొటనవేళ్లు కట్టాలె. కలుస్తలేవు. మా అమ్మ ముందటికొచ్చి కూసున్నది. ఆ ఇంట్ల ఎన్నడు చాయ ముట్టని మా అమ్మ, అవ్వ చెయ్యి తన చేతులల్లకు తీసుకొని, ఆ మడత వేళ్లను సాపుగ ఒత్తుడు వెట్టింది. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. "పాపం, పోయేటప్పుడన్న సక్కగ పోనీ" అన్నది.

అమ్మ చెయ్యి మీద చెయ్యేసిన. "ఒత్తకు అమ్మా. గట్లనే ఉండనీ. గది అవ్వ చెయ్యి."

అమ్మ నా దిక్కు చూసింది. ఒత్తుడు ఆపింది. పొద్దువోతున్నదని బయట మగోళ్లు తొందరవెడుతున్నరు. అమ్మ పసుపు గిన్నె దగ్గరికి గుంజుకొని, ఆ గుంతల, ఆ మడత వేళ్ల సందులల్ల, ఒక్కొక్క దానికి నిమ్మళంగ రాసుకుంట కూసున్నది.