ఎడమవైపు ఊపిన చెయ్యి

నిన్న సూరత్‌లోని కంటి ఆసుపత్రి వరండాలో మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆయన కూతురు, నాకు అక్క, కాళ్ళూపుకుంటూ కూర్చుని, లేజరు చేయించుకున్నాక తన కంటి ఒత్తిడి ఎంత చక్కగా దిగిందో పక్కనున్న గుజరాతీ ఆవిడకు హిందీలో వర్ణిస్తుంటే నాకు కుళ్ళు కుతకుత ఉడికింది. "గిట్ల గడ్డం ఆనిచ్చి కూసున్న, జర చమక్ చమక్‌మన్నది, గంతే! ఇగ చుక్కలమందు బంద్" అని నావైపు తిరిగి మరీ చెప్పింది. అదే డాక్టరు, అదే యంత్రం, నాకూ చేశారు. నా ఒత్తిడి మాత్రం దిగనని మొండికేసింది. చుక్కలు మానకూడదట, ఉన్న చూపు కాపాడుకోవడమేగాని ఎడమవైపు పోయిన చూపు ఇక రాదట. ఈ ఒత్తిడి జబ్బు, గ్లాకోమా, ఇద్దరికీ ఒకే రక్తంలోంచి వచ్చినప్పుడు అదృష్టం దానికొక్కదానికే ఎందుకు రావాలి? మీరే చెప్పండి, నా చోట ఉంటే కుళ్ళుకోరా?

ఆ రోగం మా బాపుకీ, అదే మా నాన్నకీ, ఉండేది. నేను కాలేజీలో చేరిన ఏడాది, బాపూ పెద్దబాపూ ఇదే ఊళ్ళో ఒకే కార్ఖానాలో సాంచాలు నడిపేవారు. ఆ మరమగ్గాల మోతలో గొంతు చించుకున్నా వినబడదు కనుక అక్కడ మాటలన్నీ చేతులతోనే. ఎవరైనా చెయ్యి ఊపితే బదులు ఊపాలి, ఊపకపోతే మొహం తిప్పుకున్నట్టే లెక్క. బాపు ఉన్నట్టుండి బదులివ్వడం మానేశాడు. ఎదురుగా వస్తే నవ్వేవాడు, పక్కనుంచి ఊపితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. "బిడ్డ కాలేజ్‌కు పోతున్నదని వీనికి నెత్తికెక్కింది" అని పెద్దబాపు పదిమందిలో అనేశాడు. నేనూరుకుంటానా, వాళ్ళ గుమ్మంలోనే నిలబడి, మీ పిల్ల పదో తరగతి తప్పితే అది మా బాపు పాపమా అని కడిగేశాను. రెండిళ్ళకూ రాకపోకలు ఆగిపోయాయి.

నొప్పి లేదు, ఎరుపు లేదు. చూపు అంచులనుంచి చాటుగా తరిగిపోతుంటే బాపుకే తెలియలేదు. పక్క సాంచా మీద తెగిన దారాలు కనబడక పని పోయాకే ఆసుపత్రికి వెళ్ళాం. అప్పటికి సందులోంచి చూసినంత చూపు మిగిలింది. సంగతి తెలిసి పెద్దబాపు వచ్చి, అలవాటుకొద్దీ పక్కనున్న గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు. బాపు అటు చూడనే లేదు. అప్పుడు అర్థమై పెద్దబాపు తమ్ముడి చేతులు పట్టుకుని ఏడ్చాడు.

నిన్న ఆసుపత్రి బయట మందుల దుకాణం ముందు నిలబడి ఉండగా నా ఎడమ భుజం మీద ఒక్క దెబ్బ పడింది. "ఏందే, గప్పట్నుంచి చెయ్యి ఊపుతున్న, సూడవు! గంత పొగరా?" అని, అంటూనే నాలుక కరుచుకుంది అక్క. వెంటనే చుట్టూ తిరిగి నా కుడివైపుకొచ్చి మళ్ళీ ఊపింది. నేనూ ఊపాను. మా ఇళ్ళున్న నవాగామ్ చేరేదాకా ఆటోలో నా కుడివైపే కూర్చుంది.

ఇప్పుడు కంటి ఒత్తిడిని వెలుగుతో దించుతున్నారు, అది అక్కకు పనిచేసినందుకు నా కడుపుమంట ఇంకా చల్లారలేదు. కానీ నిన్నటినుంచి బాపు తరఫున నామీద నాకే అసూయగా ఉంది. నాకోసం ఒక మనిషి చుట్టూ తిరిగి నా చూపున్న వైపుకొచ్చింది. ఆ నాలుగడుగులు వేసేవాళ్ళు అప్పట్లో ఆయనకు ఎవరూ లేకపోయారు.