నెలాఖరున చేపల పులుసు

మా అత్తగారు పోయారు. పోయిన శనివారం తెల్లవారుతుండగా, కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మేం అద్దెకుంటున్న ఇంట్లోనే, నిద్రలో. వచ్చేవాళ్లకు టీలు పెట్టడంతోనే సరిపోయింది, ఏడవడానికి ఓపిక లేకపోయింది నాకు. ఇవాళ కాస్త నడుం వాల్చాక, ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మామగారు ఇక్కడి ఓడరేవు డాకులో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన నాటి నుంచీ ఇంటి ఖర్చు ఆవిడ చేతిలోనే. తర్వాత మా ఆయన జీతమూ అంతే. మా వాడలో అందరికీ జీతాలు దాదాపు ఒకేసారి వస్తాయి. ఆ వారం ఏ ఇంట చూసినా చేపల వాసనే. మా ఇంట్లో మాత్రం పప్పూ చారూ. మా పిల్ల మూతి ముడిచేది. పైకి అనలేక నేను గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

"జీతాలొచ్చిన వారం చేపలోడు దొరైపోతాడు. ఆడి రేటుకి మనమెందుకు కొనాల?" అనేవారు అత్తగారు.

నెలాఖరున వాడంతా ఆలుగడ్డలు ఉడకేసుకుంటుంటే, ఆవిడ బజారుకెళ్లి "దాదా, ఏటీ రేటు?" అని సగం తెలుగులోనే బేరమాడి మంచి చేప తెచ్చేవారు. "నెలాఖరొచ్చిందని పిల్లకి తెలీకూడదే," అంటూ పులుసు పెట్టేవారు. నిజంగానే నా కూతురికి చిన్నప్పుడు నెలాఖరంటే పండగ.

అలా మిగిల్చిందంతా ఊళ్లో కడుతున్న ఇంటికి పోయేది. సొంత ఇల్లు ఒక్కటే ఆవిడ కోరిక. ఓ ఏడు పునాది, ఇంకో ఏడు గోడలు. తీరా స్లాబుకు డబ్బు కూడేసరికి పిల్లకు నర్సింగులో సీటొచ్చింది. రెండింటికీ చాలదు.

"ముందు స్లాబు ఏసేద్దామే అమ్మా, మేస్త్రీకి మాటిచ్చేసేం," అన్నాడు మా ఆయన. పిల్ల గోడకానుకుని నిలబడింది.

"మేస్త్రీతో నాను మాటాడతాను. స్లాబు ఈయేడు కాపోతే మరో ఏడు. దానికి సీటు మళ్లీ ఇత్తారేటి?" అన్నారు అత్తగారు. అంతే, మాట తెగిపోయింది.

మరుసటి ఏడు మామగారి జబ్బు ఉన్నదంతా ఊడ్చేసింది. ఆపైన అద్దె పెరిగింది. స్లాబు పడనే లేదు. "బాధ లేదా అత్తా?" అని ఒకసారి అడిగాను.

"బాధ నేకేం? సొంతింట్లో కన్నుమూయాలని నాకూ ఉంటాది. ఏటి సేత్తాం!" అని అటు తిరిగి పడుకున్నారు.

ఈ నెల జీతం మా ఆయన నా చేతిలో పెట్టాడు. అద్దె, గ్యాసు, కరెంటు. ఇన్నేళ్లు ఎలా ఈడ్చుకొచ్చారో తల్లీ, తలచుకుంటేనే నాకు నీరసం వస్తోంది.

సెలవు దొరక్క నిన్న రాత్రి ఆసుపత్రిలో డ్యూటీ చేసి, పొద్దున్నే వచ్చింది మా అమ్మాయి. వస్తూనే వాళ్ల నాయనమ్మ మంచం మీద యూనిఫాంతో, బూట్లతో వాలిపోయింది. ఆవిడ పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు.

"దినం కాకుండా ఆ మంచం మీదేటమ్మా? లేపు," అంది పక్కింటావిడ.

నేను పిల్ల కాళ్ల బూట్లు విప్పి పక్కన పెట్టి, ఫ్యాను పెంచి, తలుపు దగ్గరగా వేశాను.