ఆడవాళ్ళ వైపు బల్బు

నా చిన్నప్పుడు ధవళేశ్వరానికి దిగువన, కాలవగట్టునున్న మా ఊళ్ళో ఒక టూరింగ్ టాకీసు ఉండేది. మధ్యలో నడుమెత్తు గోడ. అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళూ పిల్లలూ. అందులో ఆపరేటరు మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. అందుకే ఏ సినిమా వచ్చినా అమ్మ నన్ను వెంటబెట్టుకుని మొదటిరోజే వెళ్ళేది.

ఒకసారి వచ్చిన సినిమాలో విలన్ హీరో తల్లిని పట్టుకుని ఒక పాడుమాట అంటాడు. ఆ మాటకు గోడకవతల ఒకటే ఈలలు, చప్పట్లు. ఇవతల ఆడవాళ్ళు పమిటచెంగు నోటికడ్డం పెట్టుకుని తలలు దించుకున్నారు. పాపం, వాళ్ళూ టిక్కెట్టు కొనుక్కునే వచ్చారు.

మావయ్య కేబిన్ కంతలోంచి అది చూశాడు. మర్నాడు సరిగ్గా ఆ మాట దగ్గర సౌండు తగ్గించేశాడు. మగవాళ్ళు బెంచీలెక్కి నానా గోలా చేశారు. ఇంకోసారి ఇలా చేస్తే వేరే ఆపరేటర్ని చూసుకుంటానని ఓనరు గారు తెగేసి చెప్పారు. మావయ్యకు అప్పుడే బిడ్డ పుట్టింది. మా అరుగుమీద కూలబడి, "ఏం చెయ్యమంటావక్కా? ఆ మాట ఆపడం నా చేతుల్లో లేదు," అన్నాడు. తర్వాత అమ్మకు ఏదో నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. అమ్మ మా వైపున్న తల్లులందరికీ ముందే చెప్పి ఉంచింది. ఆ మాట వచ్చే ముందు మా వైపు గోడమీది బల్బు ఒక్కసారి వెలిగి ఆరింది. అందరూ గబుక్కున పిల్లల చెవులు మూసేశారు. మావయ్య చెయ్యగలిగింది అంతే. నేను తలెత్తి అమ్మ ముఖం చూశాను. ఆమె రెండు చేతులూ నా చెవులమీదే ఉన్నాయి. ఆమె చెవులు మూయడానికి ఎవరూ లేరు.

ఇప్పుడు రాజమండ్రిలో మా కోడలితో, మనవరాలితో కూర్చుని టీవీ చూస్తుంటాను. బూతులున్నాయని ముందుగా తెరమీద ఓ మూల చిన్న అక్షరాలు పడతాయి. అవి చూస్తే నాకు మావయ్య బల్బే గుర్తొస్తుంది. ఆ అక్షరాలు వేసేవాడి చేతుల్లోనూ అంతకుమించి ఏమీ లేదు కాబోలు.

మొన్న అవి పడగానే మనవరాలి చెవులు మూయబోయాను. "మా క్లాసులో రోజూ వినేవే తాతయ్యా, వదిలెయ్యి," అని నవ్వుతూ నా చేతులు తీసేసింది. అంతలో తెరమీద ఎవడో ఎవరి తల్లినో అననే అన్నాడు. మా కోడలు తలెత్తకుండా చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటోంది.

ఖాళీగా మిగిలిన ఆ చేతులతో మా అమ్మ చెవులు మూయాలనిపించింది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది.