ఆయిల్ అంటే ఏ ఆయిల్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను భద్రాచలం వైపు అడవి మండలాలకు మొబైల్ వర్క్‌షాప్ ఫోర్‌మన్‌గా వేశారు. అప్పుడే వానకాలం మొదలవుతోంది. ఆరోగ్య ఉపకేంద్రాలకు తిరిగే పాత పికప్‌లను నడిచే స్థితిలో ఉంచడం నా పని.

వాటిలో ఒకదాని డ్రైవర్ యేసోబు, పెనుబల్లి మనిషి. ఈ ఎండాకాలం పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో చాలామంది ఆయన గురించి మాట్లాడారు. నేను మాట్లాడలేదు. చెప్పవలసింది ఇది.

ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. క్లచ్ పెడల్ మెత్తబడిందట, గేరు వేస్తే గరగరమంటోందట. ఆ బండ్ల క్లచ్‌కు కేబుల్ ఉండదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ తన మీది డబ్బాలోని ద్రవాన్ని పైపులోకి నెడుతుంది. గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీస్తుంది. ద్రవం తగ్గిందనుకున్నాను. “క్లచ్ డబ్బాల ఆయిల్ తక్కువుంటే పొయ్యి, పొద్దున వస్తా” అన్నాను.

పొద్దున వెళ్లేసరికి తొక్కిన పెడల్ పైకి రావడం లేదు. ఉపకేంద్రం నర్సు రమణమ్మ సిస్టర్ బండి పక్కనే నిలబడి ఉంది. వాగు అవతలి గూడెంలో తొలిచూలు పిల్లకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. అంబులెన్స్ వాగు ఇవతలి దాకే వస్తుంది. దాటగలిగేది ఈ పికప్ ఒక్కటే. ఎగువన మబ్బు కమ్ముకుంది.

“క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతవ్ నువ్వు” అన్నాను యేసోబుతో.

“నా కాలు జోలికి రాకుండ్రి సార్, బండి చూడుండ్రి.”

చూశాను. స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తితే లోపల తడి. నిన్నటి లీకు అదే. కానీ లీకుకు పెడల్ మెత్తబడుతుంది గాని, కిందే ఉండిపోదు. డబ్బా మూత తీస్తే నిండుగా, నల్లగా ఉంది. గ్లాసెడు నీళ్లలో నాలుగు చుక్కలు వేశాను. క్లచ్‌లోనూ పోసేది బ్రేక్ ద్రవమే, అది నీళ్లలో కలిసిపోవాలి. ఇది పైన తేలింది.

“నీళ్ల మీద నూనె... దీపం పెడుతున్నరా సార్, రిపేరు చేస్తున్నరా?” అంది సిస్టర్.

“యేసోబూ, ఏం పోసినవ్?”

“మీరు చెప్పిందే. సీటెనక ఇంజన్ ఆయిల్ ఉండె, పోసిన.”

“ఏ ఆయిలని అడగొద్దా?”

“ఏ ఆయిలో చెప్పొద్దా సార్?”

బ్రేక్ ద్రవాన్ని మేమందరం బ్రేక్ ఆయిల్ అనే అంటాం. అది నూనె కాదు. నూనె తగిలితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి, సిలిండర్‌లో బిగుసుకుంటాయి, తొక్కిన పెడల్ పైకి రాదు.

రెండు సిలిండర్లూ విప్పాను. సిస్టర్ ఇచ్చిన స్పిరిట్‌తో కడిగి, పైపులో కూడా స్పిరిట్ పోసి ఊది ఆరబెట్టాను. సీళ్లూ రబ్బరు గొట్టమూ నా పెట్టెలో ఉన్నాయి, కొత్తవి వేశాను. బ్రేక్ ద్రవం మాత్రం ఒక్కటే సీసా. అది ఒలికితే మళ్లీ భద్రాచలం పోవాలి. నేను బండి కింద, యేసోబు పెడల్ మీద. విప్పినప్పుడు పైపులో చేరిన గాలి తీసే పని ఇది.

“తొక్కు. పట్టు.” నేను స్లేవ్ సిలిండర్‌కుండే గాలి వదిలే మర, నిపుల్, వదులు చేసి, బుడగలు పోయాక బిగించేవాణ్ని. “ఇడువు.”

ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. సీసా అడుగుకు వచ్చేసరికి పెడల్ గట్టిపడింది. ఇంజన్ నడుస్తుండగా రివర్స్ గేరు చప్పుడు లేకుండా పడింది. సిస్టర్ అప్పటికే ఎక్కి కూర్చుంది.

ఆ పిల్లను ఎక్కించుకుని తిరిగొచ్చేటప్పుడు వాగులో నీళ్లు సగం చక్రం దాకా ఉన్నాయట. వాగు నడుమ రాయి అడ్డమొచ్చి ఆపి, మళ్లీ ఫస్ట్ గేరు వేయాల్సి వచ్చిందట. వేశాడు. ఆ పిల్ల ఆసుపత్రిలో ప్రసవించింది.

ప్రతి రిపేరుకూ మేం రాసే జాబ్‌కార్డులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఇలాంటి వాటికి ‘డ్రైవర్ పొరపాటు’ అని రాయడం అలవాటు. నేను ‘ఫోర్‌మన్ ఫోన్‌లో ఇచ్చిన సూచన అసంపూర్ణం’ అని రాసి సంతకం చేశాను. యేసోబు చదివి, “నేనన్నా అడగాల్సింది సార్, కొట్టేయుండ్రి” అన్నాడు. కొట్టేయలేదు.

ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా ఏ డ్రైవర్‌కు ఫోన్‌లో ఏది పోయమన్నా, ముందు సీసా మీద ఏం రాసి ఉందో చదివించుకున్నాను. బండి దగ్గర లేనివాడే మాట పూర్తిగా చెప్పాలి. బండి దగ్గర ఉన్నవాడికి అప్పటికే చేతినిండా పని ఉంటుంది.