వయ్యారిభామ మీదికి వదిలిన బూజు

వయ్యారిభామకు ఆ పేరు పెట్టినవాడు దొరికితే నాలుగు తన్నాలని ఉంటుంది నాకు. అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ వెనక, కోర్టు కేసులో ఇరుక్కున్న ఖాళీ జాగా నిండా ఆ కలుపు మొక్కే. అది పూసిందంటే మా అక్కకి ఊపిరాడదు. కిటికీలన్నీ మూసుకుని, ఇన్‌హేలర్ చేతిలో పెట్టుకుని కూర్చునేది. మనుషుల్ని పెట్టి పీకిస్తే పుప్పొడి రేగేది, వాన పడగానే మళ్లీ మొలిచేది.

నా ఉద్యోగం మొక్కల తెగుళ్ల మీద. తెగులును ఎలా చంపాలో రైతులకు చెబుతాను. ఈసారి తెగులు చేతే చంపిద్దామనుకున్నాను. మొక్కను మొదలు దగ్గర పట్టి కుళ్లబెట్టే బూజు ఒకటుంది. వంగ, టమాటా, వేరుశనగ, దేన్నీ వదలదు కాబట్టి పొలాల దగ్గర వాడకూడదు. ఈ జాగాలో కలుపు తప్ప ఏముంది గనక? జొన్నలు కుక్కర్లో ఉడికించి, వాటి మీద బూజు పెంచి, తొలి వానలకి మొదళ్లలో చల్లాను.

కొన్నాళ్లకే తలలు వాల్చాయి. మొదళ్ల చుట్టూ తెల్లటి దారాలు, వాటి మీద ఆవగింజల్లాంటి గుండ్లు. కాండం పట్టుకుంటే పుటుక్కున ఊడి చేతిలోకొచ్చేది. రోజూ పొద్దున్నే వెళ్లి ఆ చావులు చూస్తుంటే కడుపు చల్లబడేది. అక్క కిటికీ తెరిచింది.

వాన తెరిపిచ్చిన ఆదివారం, మా అసోసియేషన్ సెక్రటరీ గారు ఆ ఎండు మొక్కల మీద పెట్రోలు పోసి తగలబెట్టారు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. పొగంతా అక్క గదిలోకే వచ్చింది. నేను చూసేసరికి నేల మీద పడి కొట్టుకుంటోంది, పెదాలు నల్లబడ్డాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆయనే కారు తీశారు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక సీట్లోంచి ఆయన పీక పిసికెయ్యాలనిపించింది.

సోమాజిగూడ ఆస్పత్రిలో అక్కని లోపలికి తీసుకెళ్లగానే ఆయన కాలరు పట్టుకుని చెంప మీద కొట్టాను. కళ్లజోడు ఎగిరిపడింది. మళ్లీ కొట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఆ తెల్ల బూజు చూశానమ్మా," అన్నారు. "కరోనా తగ్గాక మా ఆవిడని తినేసింది బూజే. ముందు కన్ను తీసేశారు, తర్వాత మనిషే పోయింది. మీ అక్కయ్యకి అది సోకకూడదనే..."

అది మనుషులకు పట్టేది కాదని చెప్పాను.

చాలాసేపటికి నర్సు వచ్చి అక్కకి గండం గడిచిందంది. ఆయన మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చారు. నా కోపం మాత్రం ఇంకా అలాగే ఉంది, కొట్టడానికి మనిషే మిగల్లేదు.