ఎడమ పక్క నుంచి అందిన మాట

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. పదిహేడేళ్ళప్పుడు స్టేజీ మీద నేనే దయ్యం వేషం వేశాను. ముఖానికి ఎంత పౌడరు పట్టించాలో, తెల్లచీర కింద కాళ్ళు కనపడకుండా ఎట్లా నడవాలో, కేక వేసే ముందు ఊపిరి ఎక్కడ ఆపాలో నేర్చుకుని మరీ వేశాను. ముందు వరుసలో పిల్లలు ఏడిస్తే తెర వెనక మేం నవ్వుకున్నాం. దయ్యాన్ని లోపలి నుంచి చూసినదాన్ని, నాకు భయమేముంటుంది?

ఇప్పుడు చెప్పేది దయ్యం కథ కూడా కాదు. ఇది జరిగిన రోజున ఇందులో ఉన్నవాళ్ళంతా బతికే ఉన్నారు. ఎవరైనా చనిపోయి ఉంటే, అందరూ అనుకున్నట్టే నేనూ ఏదో ఒకటి అనుకుని ఊరుకునేదాన్ని.

మాది ఆదోని వైపు. మా నాయన లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో పని దొరికితే అందరం వచ్చేశాం. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు కొంతమంది కలిసి ఒక నాటక సమాజం నడిపేవాళ్ళు. పద్యాలు పాడుతూ ఆడే పౌరాణిక నాటకాలు. ఆదివారం మధ్యాహ్నం ఒక ఖాళీ రేకుల షెడ్డులో రిహార్సల్. గ్రీజు వాసన మధ్యే ఇంద్రసభ కొలువు తీరేది. నాయనకు పద్యమంటే ప్రాణం, గొంతు మాత్రం లేదు. నాకు ఉందని తెలిశాక తీసుకెళ్ళి హార్మోనియం మాస్టారి ముందు కూర్చోబెట్టాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మాస్టారు మొదటి ఆరు నెలలు పద్యమే చెప్పలేదు. శ్రుతి పట్టుకుని నిలబడమనేవాడు, అంతే. ఆ తర్వాత షెడ్డుకు ఈ చివర నన్ను, ఆ చివర నాయనను నిలబెట్టి, మైకు లేకుండా నా మాట ఆయన చెవిన పడాలనేవాడు. అరవకూడదు, కానీ చేరాలి. పద్యం ఎత్తుకునే ముందు ఎంత గాలి పీల్చాలి, చివర రాగం తీసేటప్పుడు ఎంత మిగలాలి, జనం మళ్ళీ పాడమంటే దానికెంత దాచుకోవాలి, అన్నీ ఆ రేకుల కిందే నేర్చుకున్నాను. పద్నాలుగేళ్ళకు చెలికత్తె, పద్దెనిమిదికి రాణి.

మా ప్రాంప్టర్ సత్తయ్య. సొంతూరు పుప్పాలగూడ. నాయనతో పాటు అదే వర్క్‌షాపులో పనిచేసేవాడు. నేను ఆయన్ని చిన్నాయనా అని పిలిచేదాన్ని. స్టేజీ మీద నిలబడితే మనకు ఎడమ పక్కన, తెర చాటున స్టూలు వేసుకుని, చిన్న టార్చిలైటు వెలుగులో స్క్రిప్టు చూస్తూ, మాట మర్చిపోయినవాళ్ళకు అందించేవాడు. జనానికి వినపడకూడదు, మనకు వినపడాలి. అదొక విద్య. ముందు "బిడ్డా" అని మెల్లగా అనేవాడు. తర్వాత రెండే రెండు మాటలు అందించి ఆగేవాడు. మిగతాది మనమే అందుకోవాలి.

మొదటిసారి పెద్ద వేషం వేసిన రోజు నేను వణుకుతుంటే దగ్గరికొచ్చి, "నువ్వు మర్సిపోతున్నవని నీకన్న ముందు నాకే తెలుస్తది. పరేషాన్ గాకు. ఇటు దిక్కు జర చెవి పెట్టు, గంతే" అన్నాడు. ఆ తర్వాత పదేళ్ళ పాటు ఎన్ని ఊళ్ళలో ఆడినా నా ఎడమ చెవి ఆయనకే అప్పగించి ఆడాను.

తొంభైల చివర టీవీ సీరియళ్ళు జోరందుకున్నాయి. మా నాటకం చూసిన ఒకాయన ద్వారా ఒక సీరియల్లో నాకు శారద అనే కూతురి పాత్ర వచ్చింది. రోజూ కనపడే పాత్ర. నాయన రెండు రోజులు వీధిలో ఎవరు కనపడినా ఆపి చెప్పాడు.

మొదటి షూటింగు ఒక ఆదివారం పెట్టారు. సరిగ్గా ఆ ఆదివారం సాయంత్రమే మా సమాజం నాటకం ఉంది, నాది రాణి వేషం. నేను షూటింగుకు పోయాను. నా బదులు ఒక కొత్త అమ్మాయిని నిలబెట్టారు. ఆ అమ్మాయికి పద్యాలు వచ్చు గానీ మాటలు రావు. మూడు గంటల పాటు సత్తయ్య చిన్నాయన ప్రతి మాటా అందించాడట. అప్పటికే ఆయన గొంతు చాలా రోజులుగా బొంగురుపోయి ఉంది.

తర్వాత నెలకే దవాఖానలో గొంతుకు ఆపరేషన్ చేశారు. బీడీల వల్ల వచ్చిన రోగం, ఎప్పటి నుంచో లోపల ఉందని డాక్టర్లు చెప్పారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇక మాట్లాడలేడు.

నేను చూడటానికి పోలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. షూటింగులని ఇంట్లో సాకు చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, ఆయన ముందు కూర్చుని నేనొక్కదాన్నే మాట్లాడాలి. ఆ ధైర్యం నాకు లేదు.

షూటింగు మాదాపూర్‌లో, కిరాయికి తీసుకున్న ఒక బంగళాలో జరిగేది. నేను బాలానగర్ నుంచి రెండు బస్సులు మారి, దిగాక మట్టి రోడ్డున నడిచి వెళ్ళేదాన్ని. చుట్టూ ఏనుగుల్లాంటి బండరాళ్ళు, తుమ్మ చెట్లు, అక్కడక్కడా మేకలు. వాటి మధ్య హైటెక్ సిటీ గుండ్రటి భవనం అద్దాలు తొడుక్కుని కొత్తగా నిలబడి ఉండేది. రోజూ ఎక్కడో ఒకచోట రాళ్ళు పేల్చేవాళ్ళు. ముందు విజిల్ వేస్తారు, మేం షాట్ ఆపేస్తాం, దుమ్ము సర్దుకున్నాక మళ్ళీ మొదలు. మెడలో కార్డులు వేసుకున్న కుర్రాళ్ళు బస్సు కోసం నిలబడి మా మేకప్పుల వంక చూసేవాళ్ళు. ఇప్పుడు ఆ రోడ్డు మీద పోతే ఆ బంగళా ఏ మలుపులో ఉండేదో కూడా పోల్చుకోలేను. ఆ రాళ్ళను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ మనసు అదోలా అవుతుంది.

ఆ సీరియల్‌కు డబ్బింగ్ లేదు. మాటలు అక్కడికక్కడే రికార్డు చేసేవాళ్ళు. కాబట్టి ప్రాంప్టింగ్ కూడా లేదు. పక్క నుంచి ఎవరు గుసగుసలాడినా టేపు మీద పడుతుంది.

నాకు అక్కడ ఏదీ కుదిరేది కాదు. పదేళ్ళు కష్టపడి షెడ్డు చివరికి పంపిన గొంతును ఇక్కడ మూరెడు దూరంలో ఆపమనేవాళ్ళు. కనుబొమ్మలు ఎగరేయొద్దు, చేయి లేపొద్దు. డైరెక్టర్ గారు చెడ్డవాడు కాదు, కానీ ఓపిక అయిపోయింది. ఒక పొద్దున పక్కకు పిలిచి, ఈ సీన్ కూడా పోతే శారద పాత్రను వేరే ఊరికి పంపించి ముగించేస్తామని నెమ్మదిగానే చెప్పాడు.

ఆ సీన్ ఇది. చిన్నప్పుడు తనను ఇంట్లోంచి వెళ్ళగొట్టిన తండ్రి, ముసలితనంలో శారద గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు. శారద ఆయన్ని నిలదీస్తుంది. పేజీన్నర మాటలు. చివరికి తలుపు వేసేస్తుంది.

ఆ మంగళవారం పొద్దున పదకొండు దాటింది. మూడు టేకులు పోయాయి. మూడుసార్లూ నాది స్టేజీ గొంతే. నాలుగోసారి మొదలుపెట్టాను. సగం దాకా బాగానే వచ్చింది. ఎదురుగా తండ్రి వేషం వేసిన పెద్దాయన గుమ్మం బయట చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ చెప్పుల వంక చూశాను. మాట పోయింది. తర్వాతి మాట కాదు, మొత్తం పేజీ తుడిచినట్టు పోయింది.

అప్పుడు ఎడమ పక్క నుంచి "బిడ్డా" అని వినపడింది.

సత్తయ్య చిన్నాయన గొంతు. అట్లాంటి గొంతో, ఆయన గొంతులాంటిదో కాదు. ఆపరేషన్‌కు ముందు, బొంగురు పోకముందు ఉన్న గొంతు. ఈసారి రెండు మాటలతో ఆగలేదు. వాక్యం మొత్తం చెప్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే, ఆయన స్థాయిలోనే, నేను పలికాను.

"గడప బయట నిలబడితే నిన్ను తిట్టలేను నాయనా. లోపలికి రా."

ఆ తర్వాత ఏమనాలో తెలియక గుమ్మానికి పక్కగా జరిగాను. పెద్దాయనకు కూడా ఏం చేయాలో తోచలేదు. తలవంచుకుని లోపలికి వచ్చేశాడు. డైరెక్టర్ గారు కట్ చెప్పి, ఆ టేకే ఉంచుకుందామన్నాడు.

మాటల రచయిత గుంటూరు వైపు ఆయన. ఆ రోజు సెట్లోనే ఉన్నాడు. అందరూ బాగుందంటుంటే ఆయన ఒక్కడే నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఈ మాట మీకెవరు చెప్పారండీ?" అని అడిగాడు. ఏదో అలా వచ్చేసిందన్నాను. ఆయన సంచీలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. ముందు రోజు రాసుకున్న చిత్తు ప్రతి. చివర్లో కొట్టేసిన ఒక వాక్యం. గడప బయట నిలబడితే నిన్ను తిట్టలేను నాన్నా, లోపలికి రా. తండ్రి అప్పుడే లోపలికొస్తే కథ నడవదని తనే కొట్టేసి, సాఫు ప్రతిలో తలుపు వేసినట్టు రాశాడట. ఆ కాగితం ఎవరికీ చూపించలేదన్నాడు. తేడా ఒక్క మాటే. ఆయన నాన్నా అని రాశాడు, నేను మా ఇంట్లో పిలిచినట్టు నాయనా అన్నాను.

నేను అన్ని రకాలుగా ఆలోచించాను. అసిస్టెంట్ డైరెక్టరు ఎవరైనా చెప్పాడేమో అనుకుంటే, ఒకడు రోడ్డు మీద లారీలు ఆపుతున్నాడు, ఇంకొకడు కెమెరా పక్కన, అంటే నాకు కుడివైపు ఉన్నాడు. ఎడమ పక్కన ఉన్నది గోడ. సౌండ్ చూసే ఆయన్ని బతిమాలి టేపు పెట్టించుకుని విన్నాను. నా మాట ఆగుతుంది. దూరంగా ఒక మేక అరుస్తుంది. తర్వాత మళ్ళీ నా గొంతు. మధ్యలో ఎవరూ లేరు. తెర మీద మాత్రం నేను తల కొంచెం ఎడమకు వంచడం స్పష్టంగా కనపడుతుంది.

ఆ ఆదివారం సత్తయ్య చిన్నాయన ఇంటికి పోయాను. ఆయన భార్యను చిన్నమ్మ అనేదాన్ని. ఆమె నన్ను చూసి ఇన్ని రోజులకు తీరిందా అనలేదు. ఛాయ్ పెడతానని లోపలికి పోయింది. చిన్నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, మెడకు తువ్వాలు చుట్టుకుని. బాగా చిక్కిపోయాడు. పక్కన ఒక నోటుబుక్కు, పెన్సిల్.

ముందు ఏడ్చాను. అప్పుడు నాటకం వదిలేసి షూటింగుకు పోయినందుకు, దవాఖానకు రానందుకు మన్నించమన్నాను. ఆయన చేయి ఊపి, అదంతా ఎందుకన్నట్టు చూశాడు. అప్పుడు షూటింగులో జరిగింది మొదలుపెట్టి, ఆయన గొంతు వినపడిందని చెప్పాను. ఆ గొంతు ఏమందో ఇంకా చెప్పలేదు. నవ్వుతాడనుకున్నాను. ఆయన పెన్సిల్ తీసుకుని రాశాడు.

"నీకు ఇనవడ్డదా?"

ఛాయ్ తెచ్చిన చిన్నమ్మను మంగళవారం పొద్దున ఆయనేం చేశాడని అడిగాను. ఆ రోజు పాత స్క్రిప్టుల మూట దించమన్నాడట. నేను వదిలేసిపోయిన ఆ నాటకం తీసి ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా పెదాలు కదిపాడట. ఎవరికి అందిస్తున్నవయ్యా అని తను అడిగితే నా పేరు రాసి చూపించాడట.

అప్పుడు నాకు వినపడిన వాక్యం చెప్పాను. చిన్నాయన కళ్ళు చిట్లించి ఆలోచించాడు. మళ్ళీ చెప్పమని సైగ చేశాడు, మళ్ళీ చెప్పాను. తల అడ్డంగా ఊపి రాశాడు.

"గది నేను సదవలే బిడ్డా. గా మాట మన నాటకంల లేదు."

ఇంటికి తీసుకుపోయి ఆ స్క్రిప్టు మొత్తం చదివాను. నిజమే, అందులో గడప ఊసే లేదు. ఆ రచయిత మా నాటకాలు ఎన్నడూ చూడలేదు, బాలానగర్ వైపు వచ్చిందీ లేదు.

సీరియల్లో శారద పాత్ర ఆగలేదు. తండ్రి లోపలికొచ్చిన చోటి నుంచి రచయిత కథనే మార్చి రాశాడు. ఆ ఒక్క టేకుతో కెమెరా ముందు ఎంత గొంతు చాలునో నాకు అర్థమైంది. తర్వాత సినిమాల్లో వదినలు, అమ్మలు, ఇప్పుడు నాయనమ్మలు. అన్నీ ఆ స్థాయిలోనే పలుకుతాను.

వీలు దొరికిన ప్రతి ఆదివారం చిన్నాయన దగ్గరికి పోయి పాత నాటకాలు చదివి వినిపించేదాన్ని. కళ్ళు మూసుకుని వినేవాడు. నేను తప్పు చదివితే వేలు లేపేవాడు. మూడేళ్ళు అట్లా గడిచాయి. నా జీవితంలో మంచి ఆదివారాలు అవే.

ఆయన పోయిన రోజు నేను గచ్చిబౌలిలో షూటింగులో ఉన్నాను. పెద్ద డైలాగు, రెండుసార్లు మర్చిపోయాను. ఎవరూ ఏమీ అందించలేదు. నాకు ఏమీ వినపడలేదు, మనసులో ఏ కీడూ తోచలేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక నాయన చెబితేనే తెలిసింది.

చనిపోయిన రోజు రాని గొంతు, బతికుండగా ఒక మంగళవారం పొద్దున ఎందుకు వచ్చిందో, తను చదవని మాట, ఇంకెవరో రాసి కొట్టేసిన మాట, ఎట్లా తెచ్చిందో నేను చెప్పలేను. అది ఆయన గొంతేనని ఒట్టు పెట్టమంటే పెడతాను. ఆయనే పలికాడని మాత్రం పెట్టలేను. ఆయనే కాదన్నాడు కదా.