కారెత్తిన సిస్టరమ్మ

అచ్చంపేటలో నేనిప్పుడుంటున్న అద్దె గది కిందినుంచి రోజూ పొద్దున్నే కూరగాయల మూటలతో ఒక పాత ట్రాలీ పోతుంది. మలుపు దగ్గర గుంతలో దిగి లేచేటప్పుడు చక్రాల పైన బరువు మోసే దాని కమాన్లు కిర్రుమంటాయి. ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి జరిగితే వచ్చే చప్పుడు అది. విన్నప్పుడల్లా నా చేతులకు గ్రీజు అంటినట్టే ఉంటుంది. వాసన చూసుకుంటాను. సబ్బు వాసన తప్ప ఏమీ ఉండదు. ఇక చాయ్ చల్లారిపోయేదాకా సుగుణ సిస్టరమ్మ గురించే ఆలోచిస్తూ కూర్చుంటాను. ఆమెను ఎరిగినవాళ్లు నాకు తెలిసి ఎవరూ మిగలలేదు. అందుకే రాస్తున్నాను.

మాది అడవి అంచున ఉన్న ఒక ఊరి దొరల గడి. కంటికి ఆనినంత భూమి ఒకప్పుడు మాది. అరవైల మొదట్లో, నాకు ముప్పై నిండేసరికి, భూములు పోయాయి, బాపు పోయాడు, అన్నలు వాటాలు తీసుకుని హైదరాబాదు చేరారు. గడిలో నేనొక్కణ్నే మిగిలాను. నువ్వెందుకు పోలేదని అడిగినవాళ్లకు, తాత కట్టిన ఇంట్లో దీపం పెట్టడానికి మా వంశపు మనిషి ఒకడుండాలని చెప్పేవాణ్ని. ఆ జవాబు తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఒక మనిషితో నాలుగు మాటలాడి వారాలు గడిచిపోయేవి. ఎదురైనవాళ్లు "దండం దొరా" అని పక్కకు తప్పుకునేవాళ్లు. దండాలకు లోటు లేదు. దండం తర్వాత మాట ఉండేది కాదు.

సర్కారు మా ఊరికి వేసిన నర్సుకు ఎక్కడా జాగా దొరక్కపోతే గడి ముందరి కచేరీ గది ఇచ్చాను. ఆమే సుగుణ. రామన్నపేట వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది. భర్త లారీ డ్రైవరు, చనిపోయాడు. పిల్లలు లేరు. ఊరంతా సిస్టరమ్మ అనేవారు. వచ్చిన కొద్దిరోజులకే ఒక కోడిగుడ్డు పట్టుకుని నా ముందు నిలబడింది.

"మీ బాపు కారుల దొరికింది దొరా. కోడి నాది, గుడ్డు నాది. కారెవరిదో అర్థమైతలేదు."

"కారు మాది," అన్నాను.

"మీదైతే నడవాలె గద. దాంట్ల కోళ్లు పొదుగుతున్నయ్."

నాతో అలా మాట్లాడినవాళ్లు అంతకుముందు లేరు. కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు కారు కడిగాను. బాపు నైజాం జమానాలో తెప్పించిన నల్ల కారు అది. నడపడం నాకు వచ్చు. పోవడానికే చోటు లేదు. ఊరి బయట రాళ్ల వాగు ఉంది. బాపు కాలంలో కారు బయల్దేరుతుందంటే ముందురోజే ఊరి మనుషులు వాగులోకి దిగి, రాళ్లు ఏరి, మట్టి పోసి బాట లేపేవాళ్లు. వెట్టి పోయింది. ప్రతి వానకూ కొన్ని రాళ్లు వాగులోకి తిరిగి వచ్చాయి.

సిస్టరమ్మకు కారు ఎందుకు కావలసివచ్చిందో కొన్నాళ్లకు తెలిసింది. గొల్లవాడలో మల్లమ్మ అనే పిల్లకు నెలలు నిండుతున్నాయి. కిందటి కాన్పులో ఎడ్లబండి మీద తీసుకుపోతుంటే బిడ్డ దారిలోనే పోయింది. ఈసారి పాలమూరు దవాఖానకు చేర్చకపోతే తల్లి కూడా దక్కదని డాక్టరు చెప్పాడట. నేను ఎవరికీ చెప్పకుండా కారు వాగు దాకా తీసుకుపోయి చూశాను. దిగీదిగగానే అడుగు భాగం రాతికి కొట్టుకుంది. వెనక్కి తెచ్చి పెట్టాను. సిస్టరమ్మ వంగి, కింద పడ్డ గీత చూసింది.

"గప్పుడు కారు కోసం బాట లేపిండ్రు. ఇప్పుడు బాట కోసం కారు లేపాలె," అంది. "మా ఆయన లారీకి ఇంటికాడనే కమాన్లు ఎక్కించేటోడు. ఆయనతోని నా కాపురమంతా లారీ కిందనే అయింది. నాకు తెలుసు."

గడి వాకిట్లో పని మొదలైంది. బండి చక్రం తీసేటప్పుడు పెట్టే మొద్దులు ఒకదాని మీద ఒకటి పేర్చి కారును నిలబెట్టాం. సిస్టరమ్మ గోనెసంచి పరిచి, "పండు దొరా," అంది.

"కిందికి దూరే పనికి ఎవరినన్నా పిలుస్త."

"ఎవరున్నరు పిలువనీకి?"

తిట్టడానికి అన్న మాట కాదు. నిజంగానే అడిగింది. నేను జవాబు కోసం వాకిలి చుట్టూ చూశాను. తర్వాత లాల్చీ విప్పి గోనెసంచి మీద పడుకున్నాను.

కారు కిందినుంచి చూస్తే మనుషుల పాదాలు మాత్రమే కనిపిస్తాయి. గడి ముందునుంచి పోయేవాళ్లందరివీ ఒట్టి పాదాలే. చెప్పులు చేతుల్లో వేలాడుతున్నాయి. అడగడానికి బాపు లేడు, నేనేనాడూ అడగలేదు, అయినా మా గడప ముందు ఎవరూ చెప్పులు తొడుక్కోలేదు. పైనుంచి చూసినన్నాళ్లూ అది మర్యాద అనుకున్నాను. మట్టిలో పడుకుని చూస్తే, ఎండకు కాలి, గబగబా దాటిపోయే కాళ్లు కనిపించాయి. చెప్పులున్న కాళ్లు సిస్టరమ్మవి మాత్రమే. అవి నా తల పక్కనే నిలబడి ఉన్నాయి.

ఊడదీసిన పట్టీలను కమ్మరి బ్రహ్మయ్య కొలిమిలో పెట్టి, వంపు పెంచి ఇచ్చాడు. వాటి మధ్యలో సిస్టరమ్మ తెప్పించిన లారీ పట్టీ ఒక్కొక్కటి కూడా దూర్చాం. కారు లేచి నిలబడింది. సిస్టరమ్మ వెనక సీటులో పడుకుని, "నేనే మల్లమ్మ అనుకో, తోలు," అంది. వాగు దాటాం. ఏ రాయీ తగల్లేదు. కానీ ఆమె నడుం పట్టుకుని దిగింది.

"వద్దు దొరా. గిట్ల ఎగిరేస్తే వాగు నడుమనే కాన్పు అయితది. తప్పు నాదే. లారీల బస్తాలు పోతయ్, పట్టీ ఎంత బిర్రుగున్నా ఏంగాదు. మనిషి పోయే బండి మెత్తగుండాలె."

లారీ పట్టీలు తీసేశాం. ఎత్తు తగ్గకుండా ఉండాలంటే ఇరుసుకూ కమానుకూ నడుమ గట్టి చెక్కలు పెట్టాలి. అంత గట్టి కర్ర ఎక్కడుందా అని ఆమె ఆలోచిస్తుంటే నేను లేచి వెళ్లి గడి పెద్ద తలుపుకు వేసే అడ్డుమాను తెచ్చి ముందు పడేశాను. చండ్ర మాను. తాత అడవినుంచి తెప్పించి చేయించినది. ఆమె ఒకసారి నా ముఖంలోకి చూసింది. అది కోసి చెక్కలు చేశాం, బ్రహ్మయ్య పొడుగు బోల్టులు చేసిచ్చాడు. ఆ రోజునుంచి గడి తలుపుకు అడ్డం లేదు.

మల్లమ్మకు నొప్పులు మొదలైన రోజు పగలే కారు గొల్లవాడకు తీసుకుపోయాను. వాడంతా వచ్చి నిలబడింది. అప్పుడు తెలిసింది, మేం కారును ఎంత ఎత్తుకు లేపామో. నిండు గర్భిణి కాలు మెట్టు దాకా లేవలేదు. నేను కారు తిప్పుకుని గడికి పోయి, తాత గుర్రం ఎక్కేటప్పుడు వేసే టేకు పీట తెచ్చాను. తెచ్చి తలుపు కింద పెట్టాను. మల్లమ్మ అత్త కోడలిని వెనక్కి లాగింది.

"గా పీట మీద మేం కాలు వెడ్తమా దొరా? మా మామ నెత్తిన మోసిన పీట అది."

మల్లమ్మ నొప్పితో మెలికలు తిరుగుతోంది. ఎవరూ కదలలేదు. నేను సిస్టరమ్మ వైపు చూశాను. ఆమె కూడా కదలలేదు.

ఎగుడుదిగుడు నేల మీద పీట ఊగుతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో దాన్ని కదలకుండా పట్టుకున్నాను. "ఎక్కు బిడ్డా," అన్నాను. మల్లమ్మ అత్తను చూడలేదు, నన్ను చూడలేదు. కాలు పెట్టి ఎక్కింది. వాగులో కారు పసిబిడ్డ తొట్టెలలాగా ఊగుతూ దాటింది. సాయంత్రానికి పాలమూరులో మగపిల్లవాడు పుట్టాడు. తల్లి దక్కింది.

నేను డ్రైవరును కాలేదు. ఆ మాట ఎవరన్నా అంటే ఊరుకునేవాణ్ని కూడా కాదు. కానీ ఆ తర్వాత జనం గడి వాకిట్లోకి వచ్చేవాళ్లు. "దండం దొరా, మా కోడలుకు నొప్పులొస్తున్నయ్, జర రావాలె" అనేవాళ్లు. దండం తర్వాత మాట వచ్చింది. పీట వెనక సీటు కిందే ఉండేది. ఎవరెక్కినా నేనే దిగి వేసి పట్టుకునేవాణ్ని. సిస్టరమ్మ మాత్రం ఏనాడూ దాన్ని వాడలేదు. తలుపు పట్టుకుని ఒక్క ఊపున ఎక్కేది.

కొన్నేళ్లకు ఆమెకు నల్గొండ వైపు బదిలీ అయింది. అచ్చంపేట బస్సు దగ్గర దింపడానికి కారు తీశాను. పెట్టె పెట్టాను, కోళ్ల గంప పెట్టాను. ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"పీట ఎయ్యవా తమ్మీ?"

అన్నేళ్లలో ఆమె నన్ను దొరా అనకుండా పిలిచింది అదొక్కసారే. నేను పీట వేసి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె చెప్పులు విడిచి, చేత పట్టుకుని, పీట మీద కాలు పెట్టి, ఆ కాస్త ఎత్తూ ఎక్కడానికి నా భుజం మీద చెయ్యి ఆనించింది.

ఉత్తరాలు రాసుకోలేదు. గడి కప్పు కూలాక నేను ఈ గదికి వచ్చాను. కారు ఏ పాత ఇనుములో కలిసిందో తెలియదు. పీట నా మంచం పక్కన ఉంది, నీళ్ల చెంబు పెట్టుకుంటాను. ఇప్పటికీ నేను వంగి నడవను, ఈ వీధిలో వాళ్లంతా నా నిటారు నడుం చూసి నవ్వుకుంటారని తెలుసు. పొద్దున ట్రాలీ కిర్రుమన్నప్పుడు మాత్రం కుడి భుజం కొద్దిగా కిందికి వంచి కూర్చుంటాను, ఎవరో ఎక్కబోతున్నట్టు.